మౌస్ పట్టుకున్న చెయ్యి ఎవరిది?

ఫోన్ మన ఆడపిల్లల్ని చెడగొడుతోందన్న మాట ఈ మధ్య ఏ ఉపాధ్యాయుల సమావేశానికి పోయినా వినబడుతోంది. చెప్పేవాళ్లు పెద్దవాళ్లు, అనుభవమున్నవాళ్లు. వాళ్లు చూపే మందు కూడా ఒక్కటే: పిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కోవడం. మగపిల్లవాడి ఫోన్ సంగతి ఎవరూ ఎత్తరు. ఇంకోపక్క మన యువకులు కొందరున్నారు. రీల్స్‌తో ఆదివాసీ పేరు దేశమంతా మోగుతోందని, లక్ష మంది ఫాలోవర్లు ఉంటే అదే మన బలమని మురిసిపోతారు. ఈ రెండు వర్గాలకూ ఒకరంటే ఒకరికి పడదు. కానీ ఇద్దరి చూపూ తెర మీద కనబడే పిల్ల దగ్గరే ఆగిపోతుంది. తెర ఇవతల కూర్చున్నవాడి జోలికి ఇద్దరూ పోరు. నా తగువు ఈ ఇద్దరితోనూ.

నా మాట చెప్పడానికి జపానులో తయారైన ఒక కంప్యూటర్ ఆట నాకు బాగా పనికొస్తోంది. ఎక్కడి జపాను, ఎక్కడి మన గూడెం అనుకోకుండా కాస్త ఓపిక పట్టండి.

ఆ ఆట పేరు ‘నీడీ గర్ల్ ఓవర్‌డోస్’. బయటి దేశాల్లో ‘నీడీ స్ట్రీమర్ ఓవర్‌లోడ్’ అన్న పేరుతో అమ్మారు. 2022 జనవరిలో విడుదలైంది. కథ రాసినాయన న్యాలరా అనే కలం పేరుతో రాస్తాడు. తుపాకులు, పరుగులు ఏమీ ఉండవు. బొమ్మలతో, మాటలతో కథ నడుస్తుంది, మధ్యమధ్య ఏం జరగాలో ఆడేవాళ్లు ఎంచుకోవాలి. ఇలాంటి వాటిని విజువల్ నావెల్ అంటారు. ఇందులో అమె అనే అమ్మాయి ఉంటుంది (మన ‘ఆమె’కు ఒక దీర్ఘం తక్కువ, అంతే). తోడెవరూ లేని పిల్ల. తనను అందరూ ప్రేమించాలన్న ఆకలి ఆమెకు తీరనిది. రాత్రి కాగానే రంగురంగుల జుట్టు, మెరిసే బట్టలు వేసుకుని కెమెరా ముందుకొచ్చి దేవదూతగా మారిపోతుంది. 30 రోజుల్లో 10 లక్షల మంది ఫాలోవర్లు రావాలి. అదే ఆట.

మరి ఆడేవాళ్లు ఎవరు? అమె కాదు. ఆమె ‘పి’ అని పిలిచే మనిషి. ఆమె ప్రియుడూ వాడే, ఆమె వ్యవహారం చూసే మేనేజరూ వాడే. మన తెర ఒక పాత కంప్యూటర్ తెరలా కనిపిస్తుంది. ఒక మూల అమె పంపే సందేశాలు, ఇంకో మూల నాలుగు లెక్కలు: ఫాలోవర్లు, ఒత్తిడి, మన మీద ఆమె పెంచుకున్న మమకారం, మనసులోని చీకటి. ఈ పూట ఆమె పడుకోవాలా, బయటికి తిరగాలా, మందుబిళ్లలు మింగాలా, ఈ రాత్రి ఏ సంగతి మాట్లాడి జనాన్ని పట్టాలా, అన్నీ మనమే మౌస్ నొక్కి చెబుతాం. ఆమె నలిగిపోతున్నా అంకె పెరుగుతోంది కదా అని నొక్కుతూనే పోతాం. కథకు ఇరవైకి పైగా ముగింపులున్నాయి. ఎక్కువ భాగం చెడ్డవే. ఒక దారిలో ఆమె చుట్టూ చేరిన అభిమానం మతంగానే తయారవుతుంది. ఇది పిల్లల చేతికివ్వదగ్గ ఆట కాదని ఇక్కడే చెబుతున్నాను. ఆత్మహింస, మందుల దురలవాటు ఇందులో దాచకుండా చూపిస్తారు. పెద్దవాళ్లమే ఆడాలి, లేదా ఆడినవాళ్ల దగ్గర కథ వినాలి.

నన్ను పట్టుకున్నది ఇంకో ముగింపు. ఆ దారిలో చివరికి తేలేదేమిటంటే, పి అనే మనిషే లేడు. ఒంటరితనం భరించలేక అమె మనసులో కల్పించుకున్నవాడు. అయితే 30 రోజులూ మౌస్ నొక్కింది ఎవరు? ఆడిన మనమే. నేరం మోయడానికి మధ్యలో ఇంకెవరూ మిగలరు. పిల్ల చెడిపోయింది అనడానికి ఆ ఆట చోటివ్వదు.

జపానువాళ్లకు ఈ కథ ఊరికే తట్టలేదు. 1995లో టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువు వదిలిన ఓం షిన్రిక్యో అనే మతముఠా కుర్రవాళ్లను ఆకర్షించడానికి బొమ్మల కథలను, కార్టూన్ సినిమాలను వాడుకుంది. 2020 మే నెలలో హనా కిమురా అనే 22 ఏళ్ల కుస్తీ క్రీడాకారిణి, ఒక టీవీ షోలో కనబడినందుకు నెట్టులో వచ్చిపడిన తిట్లు తట్టుకోలేక చనిపోయింది. ఆ తర్వాత 2022లో అక్కడి పార్లమెంటు మనుషుల్ని అవమానించే నేరానికి శిక్ష పెంచింది. అంతకుముందు నెల రోజులైనా నిండని నిర్బంధం, చిల్లర జరిమానా. ఇప్పుడు ఏడాది దాకా జైలు. ఒక పిల్ల పోయాక గానీ చూసేవాడి వైపు చట్టం తిరగలేదు.

మన దేశంలో ఏమైంది? 2025 జనవరిలో కుంభమేళాకు మధ్యప్రదేశ్ నుంచి పూసల దండలు అమ్ముకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె కళ్లు బాగున్నాయని ఎవరో వీడియో పెట్టారు. ఇక చూడండి, మూగిన జనం! దండ కొనేవాడు లేడు, ఫోన్ ఎత్తేవాడే. బేరం పాడై, భయం పట్టుకుని, ఆ పిల్ల మేళా మధ్యలోనే ఇంటికి పోవాల్సివచ్చింది. అదే ఏడాది మార్చిలో ఒక అమెరికా కుర్రవాడు కెమెరా పట్టుకుని అండమాన్ల దగ్గర ఉత్తర సెంటినెల్ దీవిలో దిగాడు. మీ జోలికి రావద్దు, మా జోలికి రాకండి అని తరతరాలుగా బతుకుతున్న జనం వాళ్లు. ఒక కొబ్బరికాయ, ఒక కోక్ డబ్బా ఒడ్డున పెట్టి వచ్చాడు. పోలీసులు పట్టుకున్నారు. మన జలుబు సోకినా ఆ జనం మొత్తం పోవచ్చు. వాడికి కావలసింది వీడియో.

ఇవి ఎక్కడో జరిగాయని తప్పించుకోలేం. కొమ్ముల డాన్సు చేయమని, విల్లు పట్టుకోమని, విప్పసారా తాగుతున్నట్టు నటించమని అడిగే చానెళ్లవాళ్లు మన గూడేలకు రావడంలేదా? దుప్పట్లు పంచుతూ, దుప్పటి అందుకునే ముసలమ్మ ముఖాన్ని కెమెరా వైపు తిప్పేవాళ్లను చూడలేదా? వాళ్ల మీద మనకు కోపం వస్తుంది. రావాలి కూడా. కానీ ఈ వ్యాసం వాళ్ల కోసం రాయలేదు.

మన బడుల్లో పి ఎవరు? చాలా చోట్ల టీచరే. ఆశ్రమ పాఠశాల పిల్లలకు ఆదివాసీ వేషం కట్టి, ఆడించి, సొంత చానెల్లో పెట్టుకునే ఉపాధ్యాయులు ఎంతమంది లేరు? లెక్క తప్పు చెప్పిన పిల్లవాడి తడబాటును నవ్వుల వీడియో చేసి పెట్టినవాళ్లూ ఉన్నారు. ఏడుస్తున్న ఒకటో తరగతి పిల్లను ఓదార్చే ముందు ఫోన్ తీసినవాళ్లూ ఉన్నారు. అడిగితే, ‘మన పిల్లల ప్రతిభ బయటి ప్రపంచానికి తెలియాలి కదా’ అంటారు. సరే. యూట్యూబ్ ప్రకటనల డబ్బులో వాటా ఇవ్వడానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ అడుగుతుంది, పెద్ద వీడియోలకైతే. ఆ గంటలు ఎవరి ముఖాల మీద నిండుతున్నాయి? ఒక పిల్ల నన్నే అడిగింది: ‘ఆ వీడియోకు పైసలు వస్తాయంట గదా, ఆడినోళ్లకు ఎంతిస్తరు?’ ఎనిమిదో తరగతి పిల్ల. దాని వీడియో తీసిన మనిషిని నేను ఇక్కడ పేరు పెట్టి చెప్పను గానీ, ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ బాకీనే.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లను పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. హాస్టల్ పిల్ల తల్లి పండగకో, జబ్బు చేసినప్పుడో వస్తుంది. ఆమెను అడిగినవాళ్లు ఎవరు? చట్టం సంగతి పక్కన పెట్టినా, అడగడం మన గూడెం మర్యాద. ఇంకొకరి పెరట్లో చింతపండు రాల్చుకోవాలన్నా అడుగుతాం.

యువకులారా, మీతో కూడా ఒక మాట. పూనకం, వేషం, జనం మూగడం మనకు కొత్త కాదు. మేడారంలో నాలుగు రోజులు ఎంతమంది వస్తారో మీకు తెలుసు. అక్కడ విగ్రహం లేదు. మా కోయ వడ్డెలు సమ్మక్క తల్లిని చిలకలగుట్ట మీద నుంచి గద్దెకు తెస్తారు, నాలుగో నాడు తల్లి వనప్రవేశం చేస్తుంది. ఇంకో రోజు ఉండమని లక్షల మంది అరిచినా ఆగదు. వడ్డె మళ్లీ మామూలు మనిషై తన పొలం పనికి పోతాడు. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ చూడండి. దండారి రోజుల్లో నెమలి ఈకల టోపీ పెట్టుకున్నవాణ్ణి దైవంగానే చూస్తారు. దండారి అయిపోయాక ఆ టోపీ దించే రోజు ఉంది, దించే పద్ధతి ఉంది. ఎక్కించేవాళ్లే దించుతారు. అమెకు అదే లేదు. దేవదూత వేషం రేపు రాత్రి మళ్లీ వేయాలి, ఎల్లుండి రాత్రీ వేయాలి, అంకె తగ్గితే ఇంకా ఘోరమైనది ఏదో చేయాలి. వనప్రవేశం లేని జాతర అది. మీరు ఫాలోవర్ల అంకెను మన బలమని మురుస్తుంటే నాకు భయం వేసేది అందుకే. ఆ టోపీ మీ తల మీద నుంచి దించే పెద్దమనిషి ఆ కంపెనీలో లేడు. దించితే వాడికి నష్టం.

ఆ ఆటనూ నేను నెత్తిన పెట్టుకోను. 10 లక్షల ఫాలోవర్ల పిచ్చిని వెక్కిరించిన ఆట తానే 10 లక్షల కాపీలు దాటింది. అమె వేసే దేవదూత వేషం ఇప్పుడు పాటలుగా, బొమ్మలుగా అమ్ముడవుతోంది. ఆ వేషం వేసుకుని ఫొటోలు దిగే అభిమానులున్నారు. వెక్కిరింపు కూడా సరుకైపోయింది. పైగా ఆ పిల్లకు ఒక గది తప్ప ఊరు లేదు, పెద్దమ్మ లేదు, తిట్టి అన్నం పెట్టే అవ్వ లేదు. మన పిల్లలకు ఇంకా ఉన్నారు. ఫోన్ లాక్కుని, చదువు మాన్పించి, పదహారేళ్లకే పెళ్లి చేసి ఆ ఊరినే పిల్లకు పగ చేస్తున్నది మాత్రం మన పెద్దలే.

కాబట్టి వచ్చే సమావేశంలో ఆడపిల్లల ఫోన్ల మీద తీర్మానం పెట్టేవాళ్లకు నా సవరణలు ముందే చెబుతున్నాను. ఫోన్ నిబంధన ఆడామగా ఇద్దరికీ ఒకటే ఉండాలి. ఉపాధ్యాయుల సొంత చానెళ్లలో ఉన్న పిల్లల వీడియోలు తల్లిదండ్రులను అడిగి, వద్దన్నవి తీసేయాలి. వచ్చిన డబ్బు లెక్క బడి గోడ మీద రాయాలి. బయటి కెమెరా బడి గేటు దాటాలంటే గూడెం పెద్దల అనుమతి కాగితం ఉండాలి. పై తరగతుల పిల్లలతో ఒక పూట కూర్చుని, వ్యూలు ఎలా డబ్బవుతాయో, ఆ డబ్బు ఎవరికి పోతుందో నల్లబల్ల మీద వేసి చూపించాలి. ఈ ఐదూ ఒప్పుకున్నాక పిల్లల ఫోన్ల సంగతి ఎత్తండి, నేనూ కూర్చుని వింటాను.