నిదురించు కంప్యూటరును మౌసు లేపనేల?

జేకేపూరు ఇండ్లలో నేడు కంప్యూటరు వింతవస్తువు కాదు. బల్ల కదిలి మౌసు ఇసుమంత చలించినంతనే నిద్రావస్థలోని యంత్రము మేల్కొనుచున్నదని విసిగి, కొందరు స్విచ్చినే కట్టివేయుదురు. ఇది తగదు. నిద్రలో, తెరచియుంచిన పని ర్యామ్‌నందు విద్యుత్తు ఆధారముననే నిలుచును; అది తొలగినచో భద్రపరుపని వ్యాసము పోవచ్చును. ఒడియా, ఆంగ్లముల నడుమ మన పిల్లలు తెలుగున టైపు చేయునదే నాలుగు పుటలు! అవియు పోవలెనా?

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరచి, మౌసు పేరుపై రెండుమారులు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ విభాగమున, కంప్యూటరును మేల్కొల్పుటకు అనుమతించు గడిలోని టిక్కును తీసివేసిన చాలును. పాఠశాల యంత్రమైనచో ముందు ఉపాధ్యాయుల నడుగుడు. కీబోర్డు గడిని మాత్రము ముట్టకుడు; లేపుటకు అది యుండవలెను. కొన్ని యంత్రములలో ఆ విభాగమే కానరాదు. అట్టిచోట పని భద్రపరచి, షట్‌డౌన్ చేయుటయే మేలు.