ఇల్లు - వాకిలి: అద్దాల తలుపుకు గడియ ఎక్కడ?

పల్లెల నుండి మన బిడ్డలు కంప్యూటరు కోర్సుల కొరకు, పరీక్షల శిక్షణ కొరకు హైదరాబాదు వెళ్లి, అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలలో నలుగురైదుగురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారు. అలాంటి ఇళ్లలో కొన్నింటికి ముందు తలుపు నడుమ పూల డిజైను అద్దాలుంటాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. అయితే బిడ్డను దింపి రావడానికి వెళ్లిన తల్లిదండ్రులు ఆ తలుపును ఒకసారి పరీక్షగా చూడవలెనని మా మనవి.

దొంగకు తలుపంతా విరగగొట్టే పని లేదు. ఒక్క పలక పగిలితే చాలు, చెయ్యి లోపలికి పెట్టి గడియ తీయవచ్చు. గనుక అద్దం నుండి గడియ వరకు చేతితో కొలిచి చూడండి. చెయ్యి అందేటట్లుంటే, అందని చోట మరొక గడియ పెట్టించండి. లోపలి నుండి కూడా తాళంచెవితోనే తీసే తాళం వేసినట్లయితే, చెవిని దానికే వదిలిపెట్టకూడదు. అద్దానికి దూరంగా, చీకటిలో కూడా అందరికీ దొరికే ఒకే చోట తగిలించవలెను. గ్యాసు మంట లేచిన రాత్రి బయటికి పోయే దారి మూసుకుపోతే ఆ భద్రతే ప్రాణం తీస్తుంది.

అద్దాన్ని పట్టి ఉంచే సన్నని చెక్కపట్టీలు ఏ వైపున ఉన్నాయో చూడండి. బయటి వైపున ఉంటే వాటిని ఊడదీసి అద్దాన్ని చప్పుడు లేకుండా తీయవచ్చు. వడ్రంగిచేత వాటిని లోపలి వైపుకు మార్పించండి.

అద్దాలన్నీ ఒకటి కావు. మామూలు అద్దం కత్తుల వంటి పెంకులుగా పగులుతుంది. టఫెన్డ్ అద్దం చిన్న పలుకులుగా రాలుతుంది. గాయం తక్కువే గాని దారి తెరుచుకుంటుంది. రెండు అద్దాల నడుమ ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ అద్దం పగిలినా ఆ పొరకే అంటుకొని నిలుస్తుంది. అంత ఖర్చు పెట్టలేనివారు అద్దం లోపలి వైపున ఇనుప గ్రిల్లు బిగించుకోవచ్చు. దాని సందులలో చెయ్యి దూరకూడదు. మేకులతో కాక నట్టు బోల్టులతో బిగించవలెను.

అద్దె ఇల్లయితే యజమానిని అడిగి చేయించండి. పాత తాళంచెవులు ముందున్న వారి దగ్గర ఉండిపోవచ్చు గనుక తాళం మార్పించడం మంచిది.

నెహెమ్యా ప్రార్థన చేశాడు, కావలి కూడా ఉంచాడు. యెరూషలేము గుమ్మాలకు తలుపులు, గడియలు అమర్చిన తరువాత, ఎవరి ఇంటి ఎదుట వారు కాపలా కాయవలెనని ఏర్పాటు చేశాడు. గడియతో పాటు మనుషులు కూడా కావాలని ఆయనకు తెలుసు. గనుక మీ బిడ్డను పొరుగింటి వారికి పరిచయం చేయకుండా తిరిగి రాకండి. అపాయంలో 100 గాని 112 గాని ఫోను చేయవచ్చునని చెప్పండి. ఆ గుమ్మంలోనే నిలిచి ప్రార్థన చేసి, బిడ్డను ప్రభువు చేతికి అప్పగించి రండి.