గగనగురువుల ఆరోగ్యపత్రము

నిరుడు మావారి కంటికి పొర కమ్మినది. బడిలో తెలిసినచో కొలువునకు చేటని యారునెలలు మాకు దక్క నెవ్వరికిని చెప్పరైరి. విమానచోదకుల వైద్యపత్రములను గూర్చి చదువునపు డదియే జ్ఞప్తికి వచ్చినది.

అమెరికాలో ప్రయాణికుల విమానసంస్థలయందలి ప్రధానచోదకునకు మొదటితరగతి పత్రము కావలయును. నలువది యేండ్లు నిండినవా డారునెలల కొకమారు పరీక్షకు పోవలెను. విమానవిద్య నేర్పు గురువునకో, రుసుము గొనుచున్నను, సాధారణముగా మూడవతరగతి పత్రమే చాలును. ఆ రుసుము నేర్పినందులకే గాని నడిపినందులకు గాదట! (మాస్టరుగారి భార్యలకు ముచ్చట గొలుపు న్యాయము.) శిష్యు డర్హుడై తానే విమానబాధ్యత వహించునెడల గురువునకు పత్రమే యక్కరలేదు. అయితే, శిష్యుడు బయలు కనబడకుండ ముసుగు ధరించి యంత్రములనే చూచి నడుపునపుడు వెలుపల చూచు కన్నులు గురువువే. అప్పు డారోగ్యార్హత తప్పదు.

పత్రమున్నను, జబ్బు తెలిసినవాడు విమానము నడుపరాదని యచ్చటి నిబంధన. కాని తెలుపువా రెవరు? 2015 మార్చి 24న ఫ్రాన్సు కొండలపై జర్మన్‌వింగ్స్ విమానమును సహచోదకుడు కావలెనని కూల్చగా, వానితోగూడ 150 మంది మడిసిరి. వానికి చెల్లుబాటగు పత్రమున్నది; పనికి తగడని వైద్యులిచ్చిన చీటీలు చింపబడి వాని యింట దొరకినవి.

గుండెజబ్బు బయటపడిన గురువు చోదకత్వము విడిచియు, అర్హులగు శిష్యులకు పాఠము చెప్పుకొనవచ్చును. కూడు పోదన్న ధైర్యమున్నచో నిజము నోట వచ్చును. మావారికిని అట్టి ధైర్య మెవరైన నిచ్చియున్న నారునెలలు నల్లబల్ల తడుముకొనకయే యుందురు.