బాయి దగ్గరి చదువు

చిల్పూరు గుట్ట మీది బుగులు వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర నిలబడి చూస్తే పొలాలు, చెరువులు, రాతిబోళ్లే కనిపిస్తాయి. బొగ్గు జాడ ఉండదు. అయినా ఈ మండలంలో ఇంటర్ పాసైన పిల్లలకు మైనింగ్ ఇంజినీరింగ్ ఆలోచన రావడంలో వింత లేదు. 2016 అక్టోబరు దాకా చిల్పూరూ, భూపాలపల్లి బొగ్గుబాయిలూ ఒకే వరంగల్ జిల్లా. ఇటు మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం ఇనుపరాయి ఉంది. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీ ఆశ 2014 విభజన చట్టం నాటి నుంచీ ఆశగానే మిగిలింది.

ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే వేళ ఇంట్లో అడిగే ప్రశ్న ఒక్కటే: ఫీజు తక్కువుండి, చదువు గట్టిగా చెప్పే కాలేజీ ఏది? ఇది న్యాయమైన ప్రశ్న. కానీ మైనింగ్ విషయంలో దీనికి జవాబు మిగతా బ్రాంచీలకు చెప్పినట్టు చెప్పలేం. గనిలో పట్టా ఒక్కటే అధికారం ఇవ్వదు. మేనేజర్ కుర్చీలో కూర్చోవాలంటే ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రతా డైరెక్టరేట్, అంటే డీజీఎంఎస్, ఇచ్చే ఫస్ట్‌క్లాస్ లేదా సెకండ్‌క్లాస్ సర్టిఫికెట్ ఉండాలి. దానికి గుర్తింపున్న డిగ్రీ కావాలి, గనిలో నిర్ణీత కాలం పనిచేసిన అనుభవం కావాలి, గ్యాస్ టెస్టింగ్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు కావాలి. అందులోనూ ఓపెన్‌కాస్ట్‌కే పరిమితమైన సర్టిఫికెట్ వేరు, భూగర్భ గనికీ చెల్లేది వేరు. కంప్యూటర్ చదివే పిల్లవాడు కాలేజీలో చెప్పనిది ఇంట్లో కూర్చుని నేర్చుకోగలడేమో. పైకప్పు ఎప్పుడు చప్పుడు చేస్తుందో, గాలి ఏ దారిన పోతుందో వీడియో చూస్తే రాదు. అందుకే ఈ చదువులో నాణ్యతకు నేను పెట్టే మొదటి కొలత, కాలేజీకి గని ఎంత దగ్గరన్నదే.

ఆ లెక్కన కొత్తగూడెం ముందుంటుంది. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించడంతో మొదలైన సింగరేణి బొగ్గు కథకు నేటి కేంద్రం కొత్తగూడెమే. 1970లలో ఉస్మానియా విశ్వవిద్యాలయం సింగరేణి అండతో అక్కడ స్కూల్ ఆఫ్ మైన్స్ పెట్టింది. తర్వాత అది కాకతీయ విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. తరగతి గదిలో విన్నది చూడాలంటే దూరం పోనక్కర్లేని చోటది. చిల్పూరు దగ్గర్లోని స్టేషన్ ఘన్‌పూర్ నుంచి కాజీపేట, డోర్నకల్ మీదుగా వెళ్లి భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగితే అదే కొత్తగూడెం. 2025లో ప్రభుత్వం ఆ కాలేజీని డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మార్చింది. సంతోషమే. అయితే రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల ఖాళీలు ఏళ్లుగా పేరుకుపోయి ఉన్నాయి. గేటు మీద బోర్డు మారినంత వేగంగా ఆ ఖాళీలు నిండాలి. రాక్ మెకానిక్స్, వెంటిలేషన్ చెప్పే సార్లు లేని యూనివర్సిటీ వల్ల మన పిల్లలకు ఒరిగేది తక్కువ.

పెద్దపల్లి జిల్లా సెంటినరీ కాలనీ పక్కనున్న జేఎన్‌టీయూ మంథని కాలేజీకీ ఇదే బలం ఉంది. అడ్రియాల లాంగ్‌వాల్ గని దానికి దాపునే. ఉస్మానియా క్యాంపస్‌లోనూ మైనింగ్ సీట్లున్నాయి. ఒకటి రెండు ప్రైవేటు కాలేజీలూ ఈ కోర్సు నడుపుతున్నాయి. వాటిలో చేరేముందు పిల్లల్ని ఏ గనికి, ఎన్ని రోజులు పంపుతారో రాతపూర్వకంగా అడగడం మంచిది.

ఇక డబ్బు సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు పల్లెల్లో బీసీ, ఈబీసీ కుటుంబాల ఆదాయ పరిమితి లక్షన్నర. వారికి పదివేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, లేకుంటే సాధారణంగా 35,000 రూపాయల దాకా ప్రభుత్వం కడుతుంది. ఎస్సీ, ఎస్టీలకు పూర్తిగా కడుతుంది. కాగితం మీద బాగానే ఉంది. బకాయిలు ఏళ్లకేళ్లు ఆగుతుండటంతో ఆ భారం చివరికి పిల్లల మీద పడుతోంది, సర్టిఫికెట్ల కోసం తండ్రులు అప్పు చేయాల్సి వస్తోంది. అసలు ఫీజే తక్కువుండే ప్రభుత్వ కాలేజీని ముందు రాసుకోమనడం అందుకే.

చాలా ఇళ్లలో తెలియని సంగతి మరొకటి. 1926లో పుట్టి 2016లో ఐఐటీ అయిన ధన్‌బాద్ గనుల బడిని దూరమని, ఖరీదని వదిలేస్తారు. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే ఎవరికైనా పూర్తిగా, అయిదు లక్షల లోపుంటే మూడింట రెండొంతులు మాఫీ. సూరత్కల్, రూర్కెలా, రాయ్‌పూర్, నాగ్‌పూర్ ఎన్‌ఐటీల్లోనూ ఇలాంటి రాయితీలే ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్‌కు సరిపోని ర్యాంకుకు అక్కడ మైనింగ్ సీటు దొరకవచ్చు. పరీక్షకు ముందే ఈ మాట చెప్పే మనిషి చిల్పూరు లాంటి ఊళ్లలో ఉండటం లేదని నా బాధ.

ఉద్యోగాల గురించి దాచకుండా చెప్పాలి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లోకి వచ్చారు. 2023-24లో 70 మిలియన్ టన్నుల బొగ్గు తీశారు, అందులో అత్యధికం ఓపెన్‌కాస్ట్‌లదే. మట్టి తీసే పని ఎక్కువగా కాంట్రాక్టర్లది. సింగరేణి కొత్త గని నైనీ ఒడిశాలో ఉంది. కోల్ ఇండియాలో మేనేజ్‌మెంట్ ట్రైనీ కావడానికి గేట్ స్కోరు దారి. ఊరు విడవనంటే ఈ చదువు వద్దు. విడిచే ధైర్యముంటే, భూగర్భ గనికి చెల్లే సర్టిఫికెట్ ఉన్నవారికి విలువ తగ్గలేదు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. గనుల చట్టం వారిని భూగర్భంలోకి రానిచ్చేది కాదు. 2019లో ఆ ఆంక్ష సడలింది. తర్వాత మన సంధ్య రసకట్ల రాజస్థాన్‌లోని హిందుస్థాన్ జింక్ జావర్ గనుల్లో భూగర్భ గని మేనేజర్ అయ్యారు. మైనింగ్ ఆడపిల్లకెందుకనే బంధువులకు ఆ పేరు చెప్పండి.

ఎప్‌సెట్ చేజారినా దారి మూసుకుపోదు. పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి బొగ్గుబెల్టులోని ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మైనింగ్ డిప్లొమా చేస్తే ఓవర్‌మన్ సర్టిఫికెట్ వైపు వెళ్లొచ్చు. ఈసెట్ రాస్తే నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏట చేరొచ్చు. చదువయ్యాక గనిలో చేయాల్సిన శిక్షణకు సీట్లు దొరక్క ఆగిపోయే పిల్లలు మాత్రం ఉండకూడదు. భూపాలపల్లి కేటీకే గనుల్లో, తాడిచర్లలో చుట్టుపక్కల జిల్లాల పిల్లలకు ఆ సీట్లు ఏటా ఎన్ని ఇస్తారో సింగరేణి, జెన్‌కో కౌన్సెలింగ్‌కు ముందే ప్రకటిస్తే, చిల్పూరులో ఆప్షన్లు పెట్టే ఇంటికి ఆ అంకె ఏ ర్యాంకింగ్ పట్టిక కంటే ఎక్కువ పనికొస్తుంది.