ముక్కుకీ పరీక్షే!

నల్లద్రాక్షతో తెల్ల వైన్ చేయొచ్చా?

‘చేయలేం’ అన్నారంటే ఒక మార్కు పోయినట్టే! రంగంతా తొక్కలోనే ఉంటుంది మరి. పళ్లను సున్నితంగా పిండి, తొక్కను వెంటనే వేరు చేస్తే వచ్చే రసానికి పెద్దగా రంగుండదు. ఫ్రాన్స్‌లో షాంపేన్‌ని చాలావరకూ అలాగే చేస్తారు. వైన్ గురించి ఆన్‌లైన్లో చదువుకునేవారికి ఇలాంటివి అఆలు.

ఈ చదువుకి పేరున్న సంస్థ వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్. 1969లో లండన్‌లో మొదలైంది. హోటళ్లలో, వ్యాపారంలో ఉన్నవాళ్లే కాదు, కేవలం సరదా కొద్దీ చేరేవాళ్లూ ఉంటారు. మొదటి స్థాయిలో 30 ప్రశ్నలు, 45 నిమిషాలు. రెండో స్థాయిలో 50 ప్రశ్నలు, గంట సమయం. ఈ రెండింటినీ ఇంట్లోనే, కెమెరా నిఘాలో కూర్చుని రాయొచ్చు.

‘చదువు పేరుతో తాగుడా!’ అని ఇంట్లో పెద్దవాళ్లు కోప్పడతారేమో! నిజానికి రుచి చూడటం నేర్చేవారు మొదట నేర్చుకునేది ఉమ్మేయడమే. రంగు చూడాలి, వాసన పీల్చాలి, పుక్కిట పట్టి తిప్పాలి, ఉమ్మేయాలి. మతం వల్లో ఆరోగ్యం వల్లో మద్యం ముట్టనివారు చుక్క రుచి చూడకుండానే మొదటి రెండు స్థాయులూ పూర్తిచేయొచ్చు. మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి పూర్తి క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది కాబట్టి ఈ వెసులుబాటు మంచిదే.

అయితే తాగకుండా ఏం నేర్చుకుంటారు? బోలెడు భూగోళం, కాస్త చరిత్ర, ఇంకాస్త వ్యవసాయం. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పేరుమోసిన అనాబ్-ఎ-షాహీ తినే ద్రాక్ష. వైన్‌కి వాడే రకాలు చిన్నవి, తొక్క మందం. 1860ల నుంచి అమెరికా నుంచి వచ్చిన ఓ చిన్న పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని వేళ్ల దగ్గరే కొరికి ఎండబెట్టేసింది. తోటల్ని కాపాడిందేంటో తెలుసా? మన మామిడితోటల్లో కట్టే అంటే! ఆ పురుగుని తట్టుకునే అమెరికా ద్రాక్షవేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టారు. ఇప్పటికీ చాలాచోట్ల అదే పద్ధతి.

ఇక వాసనల పాఠానికి వంటింటిని మించిన ప్రయోగశాల లేదు. పాలు పోయని చిక్కటి టీ తాగితే నాలుక మీద మిగిలే వగరే ఎర్ర వైన్లోని టానిన్. చింతకాయ కొరికితే నోట్లో ఊరే నీరు పులుపుకి కొలత. సిరా అనే ద్రాక్షతో చేసిన వైన్లో మిరియాల వాసన వస్తుందంటారు. అది ఉత్తి వర్ణన కాదు. మిరియాల్లో ఉండే రొటండోన్ అనే పదార్థమే అందులోనూ ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో కనిపెట్టారు. చిత్రమేంటంటే, ఆ పరిశోధనలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ వాసనే తెలియలేదు!

అసలు చిక్కు ఇక్కడే. ఆ ఒక్కరైనా పుస్తకం చదివి ‘మిరియాలు’ అని టిక్కు పెట్టేసి మార్కు కొట్టేయొచ్చు. మూడో స్థాయిలో అలా కుదరదు. పేరు చెప్పకుండా రెండు గ్లాసులు ముందు పెడతారు. బట్టీ పట్టింది కాదు, ముక్కుకి తెలిసిందే రాయాలి. ఆపైన డిప్లొమా ఉంది. అన్నిటికన్నా కష్టమైనదిగా పేరున్న ‘మాస్టర్ ఆఫ్ వైన్’ వేరే సంస్థ ఇచ్చేది. దాన్ని మనదేశంలో మొదట సాధించింది సోనాల్ హాలండ్, 2016లో.

సరదాగా చదివేవారికి అంత దూరం వెళ్లాల్సిన అవసరం లేదు. సర్టిఫికెట్ గోడకెక్కినా ఎక్కకపోయినా, ఇన్నాళ్లూ పట్టించుకోని వాసనలు రోజూ పలకరిస్తాయి. పోపులపెట్టె మూత తీసినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి... ఆ పాఠానికి ఫీజు కూడా లేదు!