విమాన ఇంజిన్ల తయారీ, ఇంధన పొదుపు, అటవీ సరిహద్దు యువత వాటా గురించి తీర్మానం

ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు మండలాల ఐటీఐ అధ్యాపకులు, లేతు పనివారు, గని వర్క్‌షాపుల విశ్రాంత కార్మికులు, అటవీ ఫలసాయం సేకరించే గ్రామాల ప్రతినిధులు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాల నుంచి వచ్చినవారు కూడిన ఈ సభ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

సభ గమనించినదేమనగా, విమానం ఎంత ఇంధనం తాగుతుందన్నది చాలావరకు ఇంజిన్ కర్మాగారంలోనే తేలిపోతుంది. లీప్ ఇంజిన్ తన ముందుతరం సీఎఫ్ఎం56 కన్నా 15 శాతం తక్కువ ఇంధనంతో నడవడానికి కారణం ఒక్కటి కాదు. ఫ్యాన్ రెక్కలను కార్బన్ నారతో నేసి బరువు దించారు. లోపలికి పోకుండా చుట్టూ పక్కనుంచి సాగే గాలి, లోపల మంటకు చేరే గాలికి 11 రెట్ల దాకా పెరిగింది. పాత ఇంజిన్లలో అది 6 రెట్ల దగ్గరే ఆగింది. సుమారు 20 ముక్కలు అతికించి చేసే ఇంధన నాజిల్‌ను త్రీడీ ముద్రణతో ఒకే ముక్కగా తీస్తున్నారు. మంట దాటి వచ్చే వాయువుల వేడి టర్బైన్ బ్లేడు కరిగే హద్దును మించుతుంది; బ్లేడు లోపల సన్నని దారుల్లో గాలి పారించి దాన్ని కాపాడతారు. లోహం ఎంత వేడి ఓర్చుకుంటే ఇంధనం అంత మిగులుతుంది.

సభ హర్షించినదేమనగా, ఈ విద్య తెలుగు నేలకు పరాయిది కాదు. హైదరాబాద్‌లో 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ ప్రత్యేక మిశ్రలోహాలు తయారుచేస్తున్నది. అక్కడి రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ హెలికాప్టర్ ఇంజిన్ కోసం ఒకే స్ఫటికంగా పోతపోసిన 60 బ్లేడ్లను 2021లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్)కు అందించింది. ఆదిభట్లలో లీప్ విడిభాగాలు తయారవుతున్నాయి. 2025 నవంబరు 26న శంషాబాద్‌లో ప్రారంభమైన సాఫ్రాన్ మరమ్మతు కేంద్రం ఏటా 300 లీప్ ఇంజిన్లను విప్పి బాగుచేసే స్థాయికి, వెయ్యి మందికి పైగా నిపుణులకు పని చూపే స్థాయికి 2035 నాటికి చేరాలన్నది లక్ష్యం.

సభ గుర్తుచేయునదేమనగా, చింతూరు నుంచి మోటు, మల్కనగిరి, జయపురం మీదుగా పోయే రోడ్డు ఒడిశాలోని కోరాపుట్ చేరుతుంది. ఆ జిల్లాలోని సునాబేడలో, ఇలాంటి కొండల నడుమే, హెచ్‌ఏఎల్ 1960ల నుంచి యుద్ధవిమానాల ఇంజిన్లు తయారుచేస్తున్నది. సుఖోయ్-30 కోసం 240 ఇంజిన్లకు 2024 సెప్టెంబరులో కుదిరిన 26,000 కోట్ల రూపాయల ఒప్పందం ఆ కర్మాగారానిదే. కొండ ప్రాంతపు చేతులకు ఇంత సన్నపని రాదన్న మాటను సభ తోసిపుచ్చుతున్నది.

సభ విచారించినదేమనగా, పొదుపు ఇంజిన్లుగా పేరొందిన ఒక రకంలో, పొడి లోహంతో చేసిన డిస్కుల్లో మలినాలున్నట్టు 2023లో బయటపడి, మన దేశంలోనూ ఎన్నో విమానాలు నేలమీదే నిలిచాయి. ఇంధనం మిగిల్చే ఇంజిన్ హ్యాంగరులో పడి ఉంటే మిగిలేదేమీ లేదు. కొత్త పద్ధతి ఎంత ముఖ్యమో, దానిని తనిఖీ చేసే కన్నూ అంతే ముఖ్యమని సభ భావిస్తున్నది.

కనుక సభ తీర్మానించినదేమనగా, 65 ఐటీఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మార్చే తెలంగాణ పథకంలో ఈ ప్రాంతపు టర్నర్, ఫిట్టర్, మెషినిస్టు విద్యార్థులకు ఐదు అక్షాల సీఎన్‌సీ యంత్రాల పనితోపాటు, లోహాన్ని కోయకుండానే ధ్వని తరంగాలతో, ఎక్స్‌రేతో, రంగుద్రవంతో పగుళ్లు పట్టే పరీక్షలు నేర్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు వైపు పిల్లలకూ ఇదే అవకాశం కల్పించేందుకు రెండు రాష్ట్రాలు ఒప్పందానికి రావాలి. కొత్తగూడెం, మణుగూరు వర్క్‌షాపుల్లో మైక్రోమీటరు పట్టి రిటైరైనవారిని శిక్షకులుగా తీసుకోవాలి; వారి డిగ్రీ అడగనక్కరలేదు.

సభ స్పష్టం చేయునదేమనగా, ఈ ప్రాంతంలో ఇంజిన్ కర్మాగారం పెట్టమని అడగడం లేదు. షెడ్యూల్డు ప్రాంతంలో 1/70 చట్టం, 1996 నాటి పెసా చట్టాలను పక్కనపెట్టి జరిపే ఏ భూసేకరణకూ సభ సమ్మతించదు. (కర్మాగారం కోరాలన్న ఇద్దరు సభ్యుల అసమ్మతి నమోదైంది.)

సభ ఇంకా తీర్మానించినదేమనగా, విమాన ఇంధనంలో జీవ ఇంధనం వాటా గురించి అడవిని అడగకుండా లెక్కలు వేయరాదు. అంతర్జాతీయ విమానాలకు 2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030లో 5 శాతం కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. 2018 ఆగస్టు 27న జట్రోఫా (అడవి ఆముదం) నూనె నుంచి తీసిన ఇంధనం కలిపి డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి విమానం నడిపారు. అయితే అడవి ఆముదం పేరిట అంతకుముందు దశకంలో సాగిన ప్రచారం, చెప్పిన దిగుబడి రాక చల్లారింది. ఆ అనుభవం కానుగకు, ఇప్పకు మళ్లీ రాకూడదు. రాలిన గింజను మాత్రమే ఏరాలి. కొనుగోలు గ్రామసభ ఒప్పుకున్న ధరకు గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ద్వారా జరగాలి. పోడు పట్టా భూముల్లో తిండిగింజలు తీసి నూనె మొక్కలు నాటించరాదు. ఇప్ప నూనెలో ఇంటి వాడకం పోగా మిగిలినదే అమ్మకానికి.

ఇంజిన్‌లో సాధించాల్సిన పొదుపును అడవి నూనెతో పూడ్చి చూపే లెక్కను సభ అంగీకరించదు. తయారీదారులు రెండింటినీ వేర్వేరుగా ప్రకటించాలి.

ఈ తీర్మానం ప్రతులను భద్రాచలం ఐటీడీఏకు, రెండు రాష్ట్రాల సాంకేతిక విద్యా, గిరిజన సంక్షేమ శాఖలకు, కేంద్ర పౌర విమానయాన శాఖకు పంపాలని, కోయ భాషలో చదివి వినిపించాకే గ్రామాల్లో సంతకాలు తీసుకోవాలని సభ నిర్ణయించింది.