క్రాసింగ్ పడింది

మొన్న సాయంత్రం తణుకు స్టేషన్‌లో బండి కోసం కూర్చుంటే, పక్క బెంచీ మీద ఓ పెద్దాయన మనవడికి పాత సంగతులేవో చెబుతున్నారు. మధ్యలో పిల్లాడు ఆపి, "క్రాసింగ్ పడ్డం అంటే ఏంటి తాతయ్యా?" అన్నాడు. వాడికి ఏడేళ్లుంటాయేమో.

"అప్పట్లో లైను ఒకటే కదురా. ఎదురు బండి వెళ్లేదాకా మన బండి ఆగిపోయేది," అన్నారాయన.

ఆ మాట విని ఎన్నాళ్లయిందో! ప్యాసింజరు ఏ అత్తిలిలోనో రేలంగిలోనో నిలబడిపోయేది. "క్రాసింగ్ పడింది" అని ఎవరో ఒకరు అనేవారు, అంతే, ఇక ఎవరికీ తొందర ఉండేది కాదు. మగవాళ్లు దిగి ప్లాట్‌ఫారం మీద పచార్లు చేసేవారు. ఎదురు సీటు పిన్నిగారు సంచిలోంచి జంతికలు తీసి, తన పిల్లలతో పాటు మనకీ పెట్టేది. ఏ ఊరు, ఎవరి తాలూకా అంటూ మొదలైన మాటలు చుట్టరికాల దాకా వెళ్లేవి. కిటికీలోంచి వరిచేల గాలి. దూరంగా కూత వినపడేది. సర్కార్ ఎక్స్‌ప్రెస్ దడదడలాడిస్తూ వెళ్లిపోయాక గానీ మన బండి కదిలేది కాదు.

ఇప్పుడు రెండో లైను ఉంది. విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం మీదుగా నిడదవోలు దాకా, మచిలీపట్నం, నరసాపురం పాయలతో కలిపి 221 కిలోమీటర్లు. 2011-12లో మంజూరైన పని 2022లో పూర్తయింది. మంజూరైన నాటికి ఆ పిల్లాడి అమ్మానాన్నలకి పెళ్లయిందో లేదో! సర్వే రాళ్లు పాతిన ఉద్యోగి బదిలీ మీద వెళ్లిపోతాడు. చెరువు మట్టి మోసిన కూలి మరో ఊరి పనికి పోతాడు. లైను పూర్తయ్యేసరికి ఎక్కేవాళ్లు వేరేవాళ్లు.

ఇలాంటి లైన్లకి డబ్బిచ్చే రైల్వే బడ్జెట్ 2016 దాకా విడిగా ఉండేది. 1924లో మొదలైన ఆనవాయితీ. బడ్జెట్ మర్నాడు పేపరు మా ఇంటి అరుగు మీద చాలా చేతులు మారేది. కొత్త రైళ్ల సంగతి తరవాత, ముందు మన లైను పేరుందా అని చూసేవారు. పేరు పక్కన ఎన్ని కోట్లో చదివి, కళ్లజోడు తీసి, "ఏదో ఇచ్చాళ్లే" అనుకునేవారు పెద్దవాళ్లు. నిరాశ ఉండేది గానీ, మరుసటేడు మళ్లీ అదే ఆశతో అదే పేజీ తిప్పేవారు. ఆ ఓపిక ఎక్కణ్ణించి వచ్చేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కోనసీమ వాళ్ల ఓపిక ముందు మనది ఏపాటి? కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, ఆ పట్టాలు పీకేశారు. బండి ఎక్కి కోటిపల్లి తీర్థానికి వెళ్లిన పిల్లలు ముసలివాళ్లయ్యాక, 2004లో మళ్లీ వచ్చింది. ఆ లైను కోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ బాలయోగిగారు ఆ బండిని చూడకుండానే 2002లో వెళ్లిపోయారు. కోటిపల్లి నుంచి ఆ లైనుని గోదావరి దాటించి, అమలాపురం మీదుగా నరసాపురం కలపాలన్న పని 2000-01లో మంజూరైంది. అమలాపురం ఇంకా రైలు కోసం చూస్తూనే ఉంది.

కిందటి కార్తీకంలో కోటిపల్లి వెళ్లాం. స్నానం చేసి, సోమేశ్వరుణ్ణి చూసుకుని, ముక్తేశ్వరం వెళ్లే పంటు ఎక్కాం. గౌతమి మధ్యలో ఆ లైను వంతెన స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి, ఒకదాని మీద కొంగ వాలింది. పంటు మీద ఓ ముసలమ్మ తల పైకెత్తి వాటిని లెక్కపెడుతోంది. ఆమెను చూసి మేమూ మొదలుపెట్టాం. సగంలో లెక్క తప్పింది, ఈలోగా రేవు వచ్చేసింది.